లాలాగూడ వాన

తార్నాక,
14 జూన్ 1969.

అత్తయ్యా,

నమస్కారం. భాగ్యం వదినకు ఆడపిల్ల పుట్టిందని మావయ్యగారు చెప్పారు. గేటు దగ్గరే చెప్పి, సైకిలు దిగకుండానే వెళ్ళిపోయారు. పాప ఎవరి పోలికో రాయి.

నాన్నగారిని ఇక్కడి ఆఫీసు నుంచి రిలీవ్ చేసి గుంటూరు పంపేశారు. అమ్మ కూడా వెళ్ళింది. ఆంధ్రావాళ్ళను ఏరి ఏరి పంపుతున్న రోజుల్లో పెళ్ళికాని పిల్లను ఇక్కడ వదలడమేమిటని అందరూ అన్నారు. నాన్నగారు చివరికి ఈ ఒక్క వానాకాలానికి ఒప్పుకున్నారు. అక్టోబరులో వచ్చి తీసుకుపోతారు. ఆలోగా నా థీసిస్‌కు కావలసిన వాన దొరికితే సరి. దొరక్కపోతే చదువు అంతటితో ఆపేయాలి. ఇంకో ఏడాది అడగనని మాట ఇచ్చాను. ఇంటిగలావిడ అమ్మాజీగారు మేడమీద గది ఇచ్చారు.

నా పని ఏమిటో నీకెప్పుడూ సరిగా చెప్పలేదు. ఊళ్ళో పడే వానలో ఏమేమి కలిసి ఉంటాయో చూడటం. మూడు చోట్ల సీసాలు పెట్టాను. ఒకటి యూనివర్సిటీలో మా కెమిస్ట్రీ లాబ్ మేడమీద. ఒకటి లాలాపేట్ అవతల ఒక తోటలో. మూడోది లాలాగూడ రైల్వే క్వార్టర్లలో, మీ ఇంటి వాకిట్లో. థీసిస్ అంతా ఆ మూడోదాని మీదే నిలబడి ఉంది. మీ పక్కన వర్క్‌షాపు ఉంది కదా, ఆ బొగ్గుపొగలో గంధకం ఉంటుంది. అది కరిగితే వాన పులుస్తుంది. పులుస్తుందని నా ఊహ. చూపించాలి.

కర్ర స్తంభం మీద గరాటు, దాని కింద పాలిథిన్ సీసా. గరాటు మీద రేకు మూత. పొడిగా ఉన్నప్పుడు మూత వేసే ఉంచాలి, లేకపోతే దుమ్ము పడుతుంది. తొలి చినుకుకు మూత తీయాలి, వాన వెలిశాక వేయాలి. నీళ్ళు పాడవకుండా సీసాలో రవ్వంత వాముపువ్వు వేస్తాం. నువ్వు కడుపునొప్పికి ఇచ్చే వాముపువ్వే.

ఇదంతా మావయ్యగారికి ఒకసారి చెప్పాను. తలాడించారు. అర్థమైందో లేదో అడగలేకపోయాను. ఆయన ఎదుట నాకు మాట పెగలదని నీకు తెలుసు. నువ్వు ఆయనకు రాసేటప్పుడు మళ్ళీ ఒకసారి చెప్పవూ? తార్నాక నుంచి లాలాగూడకు కబురు బాపట్ల మీదుగా పంపడం నవ్వులాటే. మన ఇంట్లో అన్నీ అలాగే కదా.

ఊరు బాగాలేదు. మావయ్యగారు నన్ను లాలాగూడ రావద్దన్నారు. "నోరు తెరిస్తే మనది ఏ ఊరో తెలిసిపోతుందమ్మా. సీసాలు నేనే తెస్తా" అన్నారు.

నీ మేనకోడలు,
శ్రీలలిత

*

బాపట్ల,
25 జూన్.

చి. లల్లీకి అత్తయ్య దీవెనలు.

పాప అచ్చం మీ మావయ్యే. అదే నుదురు, అదే అలక. పాలు కాస్త ఆలస్యమైతే ఏడవదు, మొహం గోడవైపు తిప్పేసుకుంటుంది. పెళ్ళయినప్పటి నుంచి నేను చూస్తున్నది అదే మొహం, అదే గోడ.

పురిటికి నెలరోజులని వచ్చినదాన్ని, ఇక్కడే పడి ఉన్నాను. బయలుదేరతానంటే ఆయన వద్దంటారు. మా వరసలో రెండు క్వార్టర్లు ఖాళీ అయ్యాయట. మూల ఇంటివాళ్ళ అద్దాలన్నీ పగలగొట్టారట. మన ఇంటి మీద ఒక్క రాయి పడలేదు. ఆంజనేయస్వామికి వడమాల మొక్కుకున్నాను.

ఏమే, మీ యూనివర్సిటీలో వానక్కూడా ఈ ఊరిదేనని ముల్కీ సర్టిఫికెట్ అడుగుతున్నారా? లాలాగూడ వాన వేరు, లాలాపేట్ వాన వేరు అంటే మా అల్లుడు పొట్ట పట్టుకుని నవ్వాడు. నేను నవ్వలేదులే. నవ్వాను కానీ తర్వాత ఆపేశాను.

నువ్వు చెప్పినవన్నీ మీ మావయ్యకు పెద్ద అక్షరాలతో రాశాను. "వర్క్‌షాపులో బాయిలర్లు చూసుకునేవాణ్ణి, మూత తీయడం నాకు నేర్పుతారా అత్తా కోడలూ కలిసి?" అని జవాబు. అయినా చేస్తున్నారు. మబ్బు పడితే చాలు, వాకిట్లో కుర్చీ వేసుకుని ఆకాశానికి కాపలా కాస్తున్నారట.

ఆయన వర్క్‌షాపులో ఉన్న వేళ చినుకు పడితే పక్కింటి సాలమ్మ మూత తీస్తుంది. నేనే ఆమెకు చెప్పించాను. సాలమ్మ గుర్తుందిగా, ఫిట్టర్ లక్ష్మీనర్సయ్య భార్య, ఆ ఏడు నీ చేత బతుకమ్మ పేర్పించింది. "మీ కోడలుపిల్ల సీసను నా బిడ్డ లెక్క సూసుకుంట" అందట. ఆమెకు అప్పగించాక నాకు బెంగ లేదు. నువ్వూ పడకు. వేళకు తిను. ఈసారి ఆషాఢం రెండు నెలలు, అధికమాసం, నీకు వాన కూడా అధికంగానే పడుతుంది.

అత్తయ్య

*

తార్నాక,
11 జూలై.

అత్తయ్యా,

పాప అలక గురించి చదివి నవ్వుకున్నాను. ఈ నెలలో నవ్వింది అప్పుడే.

యూనివర్సిటీలో తరగతులు లేవు. ఆర్ట్స్ కాలేజీ ముందు రోజూ సభలు. మా లాబ్‌కు మాత్రం వెనక దారిన వెళ్ళి వస్తున్నాను. మొన్న ఇద్దరు ముగ్గురు కుర్రాళ్ళు ఆపారు.

"ఏందమ్మా సంచిల?"

"సీసాలు."

"పెట్రోలా?"

"వాననీళ్ళు."

ఒకతను మూత తీసి వాసన చూశాడు. "వాముపువ్వు రా! కడుపునొప్పి మందు పట్టుకపోతున్నది" అన్నాడు. అందరూ నవ్వారు. "పోనీరి, గరీబు పిల్ల" అని దారి ఇచ్చారు. నేను అన్నవి రెండే మాటలు. అతను నవ్వుతూనే మూత బిగించి ఇచ్చాడు.

ఇప్పుడు అసలు సంగతి. లాలాగూడ సీసాలు చూశాను. బేరియం క్లోరైడ్ చుక్కలు వేస్తే నీళ్ళు తెల్లగా మబ్బు పట్టాయి. అంటే గంధకం ఉంది. పొగ వానలోకి దిగింది. సంతోషించాను. తర్వాత పులుపు కొలిచాను. లేదు. మిగతా రెండు చోట్ల కన్నా లాలాగూడ వానే తియ్యగా ఉంది. కాల్షియం చూస్తే మా మేడమీది వానకు ఎన్నో రెట్లు ఉంది. మళ్ళీ చేశాను. మళ్ళీ అంతే. ఆ పులుపును ఏదో సున్నం మింగేసింది. వానలో అంత సున్నం ఉండదు. నల్లానీళ్ళలో ఉంటుంది.

ఎలా అడగాలో తెలియడం లేదు. చిన్న జల్లులకు సీసా అడుగైనా తడవదు. ఖాళీ సీసా ఇస్తే నేను నిరాశపడతానని మావయ్యగారు జాలిపడి కాస్త నల్లానీళ్ళు కలిపారా? పోనీ సీసాలు నల్లా కింద కడుగుతున్నారా? నేనిచ్చిన డిస్టిల్డ్ వాటర్‌తోనే కడగాలి. ఈమధ్య ఇంటికి సున్నాలు వేయించారా? ఆయన నొచ్చుకోకుండా అడుగు. నేరం మోపడం కాదు. నాకు తెలియాలి, అంతే.

శ్రీలలిత

*

బాపట్ల,
24 జూలై.

చి. శ్రీలలితకు,

నొచ్చుకోకుండా అడగడం నాకు రాదు. అందుకని నీ ఉత్తరమే కవరులో పెట్టి మీ మావయ్యకు పంపేశాను.

ఆయన జవాబు ఒకే ఒక్క వాక్యం. "నీళ్ళు కలిపేవాణ్ణయితే పాలవ్యాపారం పెట్టుకునేవాణ్ణి." కింద సంతకం. పాప ఎలా ఉందని కూడా అడగలేదు.

నిన్నేమీ అనను. కానీ ఆలోచించు. ఆ మనిషి ఒంటరిగా వండుకు తింటూ, బయట గొడవ వినిపిస్తున్నా, చినుకు పడితే వాకిట్లోకి పరుగెత్తి నీ మూత తీస్తున్నాడు. ఆయన్ను పట్టుకుని నీళ్ళు కలిపావంటే ఎలా ఉంటుంది? ఇక ఇంటికి సున్నాలంటావా, రైల్వేవాళ్ళు మా గోడలకు సున్నం కొట్టి ఆరేళ్ళయింది. నేను ఇల్లు మాసినట్టు ఉంచుతానని మీ అమ్మ అంటూ ఉండేది. ఇప్పుడు నువ్వూ మొదలుపెట్టావా?

చంద్రుడి మీద మనుషులు దిగారు. వీధంతా మా అల్లుడి రేడియో చుట్టూ చేరింది. అంత దూరం పోయి, అక్కడి మట్టి సంచుల్లో నింపుకుని వస్తున్నారట. నువ్వేమో రెండు మైళ్ళ అవతల మా వాకిట్లో ఏముందో తెలుసుకోవడానికి నాకు ఉత్తరం రాస్తున్నావు.

పాపకు బారసాల అయింది. పేరు అక్షర. మీ మావయ్య రాలేకపోయారు. వస్తే నీ మూత ఎవరు తీస్తారు?

అత్తయ్య

*

తార్నాక,
16 ఆగస్టు.

అత్తయ్యా,

ఆ ఉత్తరం నీకు రాశాను. ఆయనకు కాదు.

ఆదివారం మావయ్యగారు సీసాలు తెచ్చి మెట్టు మీద పెట్టి, సైకిలు బెల్లు కొట్టి వెళ్ళిపోయారు. నేను దిగేసరికి మలుపు తిరిగారు. సీసాలు తళతళా మెరుస్తున్నాయి. ఒక్కోదానికీ తేదీ రాసి అంటించారు. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. లోపల నీళ్ళు మళ్ళీ అలాగే ఉన్నాయి.

శశిభూషణ్‌గారు పిలిచారు. ఆయన కింద పనిచేస్తున్నానని చెప్పాను కదా, అనంతపురం ఆయన. కాగితాలు తిరగేశారు.

"ఏమ్మా, ఇది వానా, నల్లానా?"

"వానేనండీ."

"ఎవరు పట్టినారు?"

"మా మావయ్యగారు."

"పట్టేటప్పుడు నువ్వు చూసినావా?"

"లేదండీ."

"చూడంది ఎట్ల రాస్తావు?" అని కాగితాలు పక్కన పెట్టారు. తర్వాత గొంతు తగ్గించి అన్నారు. "నాకు నిన్ను అనుమానించాలని లేదమ్మా. కానీ బయట చూస్తా ఉండావు కదా. రేపు ఎవడో లేచి, ఆంధ్రా పిల్ల నల్లా తిప్పి పట్టా తీసుకునింది, రాయలసీమ అయ్యవారు కండ్లు మూసుకొని సంతకం పెట్టినాడు అంటే నేనేం చెప్పేది? ఆ సున్నం ఎక్కడిదో తెలుసుకునిరా. సెప్టెంబరు ఆఖరు దాకా ఆగుతా. తెలీకుంటే లాలాగూడ కొట్టేస్తా."

లాలాగూడ కొట్టేస్తే మిగిలేది రెండు మామూలు వానలు. దానికి పట్టా ఇవ్వరు.

లాబ్‌లో అదే కొలత మళ్ళీ మళ్ళీ చేస్తున్నాను. సున్నం కొలిచేటప్పుడు బ్యూరెట్‌లోంచి మందు చుక్కలుగా పోస్తూ పోతే నీటి ఎర్రరంగు చివరికి ఒక్క చుక్కతో నీలంగా మారాలి. మా మేడమీది వాన కొద్దిసేపట్లోనే మారిపోతుంది. లాలాగూడ వాన మారదు. పోస్తూ ఉంటాను. ఎర్రగానే ఉంటుంది. ఆ ఎరుపు నన్ను చూసి జాలిపడుతున్నట్టు ఉంటుంది. నాన్నగారు తొందరగా వచ్చేయమని రాస్తున్నారు. అన్నం సహించడం లేదు. చిన్నప్పుడు బళ్ళో సిస్టర్, అవసరమైన మాటలే రాయమని నేర్పింది. అవసరమైనది ఇదొక్కటే, అత్తయ్యా. ఆ స్తంభం చుట్టూ ఏముందో ఎవరైనా చెప్పండి. నన్ను మావయ్యగారు రానివ్వరు. ఆయన్ను అడిగే మొహం నాకు లేకుండా పోయింది.

శ్రీలలిత

*

బాపట్ల,
28 ఆగస్టు.

లల్లీ,

నీకొక సంగతి చెప్పలేదు. మీ మావయ్యా చెప్పలేదు. చెప్పవద్దని నేనే ఆయనకు రాశాను.

జూన్‌లో మూల ఇంటి అద్దాలు పగిలిన రోజున ఆ గుంపు మన వాకిటికీ వచ్చింది. మీ మావయ్య షాపులో ఉన్నారు. తలుపుకు తాళం. సాలమ్మ తన గడపలో కూర్చుని బియ్యం ఏరుకుంటోందట. ఒకడు రాయెత్తి, "గిది ఆంధ్రోళ్ళ ఇల్లే గదా" అన్నాడట.

సాలమ్మ చేట కింద పెట్టలేదట. "ఇల్లు ఆంధ్రోళ్ళదే. వాకిట్ల పోచమ్మ ఎవ్వలది? ఇసురు బిడ్డా. కండ్లు పోతే నన్నడగకు" అందట.

"ఏడున్నది పోచమ్మ?"

"గా కర్ర మీద కూసున్నది కనవడ్తలేదా?"

"మల్ల మూతేంది?"

"వానొస్తెనే అమ్మ నోరు తెరుస్తది. గంతదాంక ముట్టొద్దు."

నవ్వకే. రాయి కింద పడేశారట. ఆ సాయంత్రమే సాలమ్మ కర్రకు సున్నం పూసి, జాజుతో ఎర్రపట్టీలు వేసి, పసుపు బొట్లు పెట్టి, వేపమండలు కట్టింది. శుక్రవారం శుక్రవారం కొత్తగా పూస్తోంది. బోనాల నెలలో ఆ కుర్రాళ్ళే వచ్చి కొబ్బరికాయలు కొట్టిపోయారట. నేను వడమాల ఆంజనేయస్వామికి వేయించాను. ఇప్పుడు పోచమ్మకు ఏం ఇవ్వాలో తోచడం లేదు.

నీకెందుకు చెప్పలేదంటే, నువ్వు కాన్వెంటులో చదివిన పిల్లవు. నీ పరికరానికి పసుపూ సున్నం పూశారని తెలిస్తే కడిగించేస్తావని భయం వేసింది. కడిగితే ఆయన ఇల్లేం కావాలి? "నీళ్ళు పడేది లోపల కదా, పైన ఏం పూస్తే ఏం?" అన్నారు మీ మావయ్య. నాకూ అంతే అనిపించింది. నువ్వు సున్నం మాట ఎత్తినప్పుడు గోడల గురించి కోప్పడ్డాను చూడు, కోప్పడుతున్నంతసేపూ ఆ కర్ర కళ్ళముందు ఉంది. ఊరుకున్నాను.

ఇప్పుడు మీ మాస్టారి దగ్గరికి వెళ్ళి చెప్పెయ్. నీ తప్పు ఇందులో ఏముంది?

అత్తయ్య

*

తార్నాక,
10 సెప్టెంబర్.

అత్తయ్యా,

నీ ఉత్తరం అందిన మర్నాడే లాలాగూడ వెళ్ళాను. మావయ్యగారిని అడగలేదు. దారిలో ఎవరూ ఆపలేదు. మూడు నెలలుగా భయపడిన దారి అంత చిన్నదని మర్చిపోయాను.

స్తంభం చాలా అందంగా ఉంది. ఆ మాట రాయక తప్పదు. నిలువునా తెలుపు, మధ్యమధ్య ఎర్రపట్టీలు. సాలమ్మ అక్కడితో ఆగలేదు. గరాటు అంచుకు లోపలిదాకా సున్నం పూసింది. మూతకు కూడా రెండు వైపులా. మీద పడ్డ ప్రతి చినుకూ ఆ సున్నం కడుక్కునే సీసాలోకి దిగింది. జూన్ నుంచీ.

సాలమ్మ నా మొహం రెండు చేతులతో పట్టుకుంది. "ఏందే గిట్లయినవ్? తింటున్నవా, సీసల నీళ్ళే తాగి పంటున్నవా?" అని జొన్నరొట్టె పెట్టింది. తినేదాకా వదల్లేదు. నేను ఏదో అడగాలని అడిగాను. మీవాళ్ళతో అబద్ధం ఎందుకు చెప్పారని.

"మా రాష్ట్రం మాకు రావాలె. గది వేరే ముచ్చట" అంది. "మా ఆయన యూనియన్ల ఉన్నడు, జెండా పట్టుకొని తిరుగుతడు. నేను గూడ పోయిన ఊరేగింపుకు. గని మీ మావ ఏం జేసిండు చెప్పు? పొద్దుందాక బాయిలర్ కాడ మాడుతడు, ఇంటికొచ్చి పప్పు మాడవెట్టుకుంటడు. గసొంటోని అద్దాలు పలగ్గొడితే వస్తదా తెలంగాణ?"

తర్వాత గొంతు తగ్గించింది. "ఒక్కటే బిడ్డా. గీ ముచ్చట నీ నోట్లెనే ఉండాలె. గా పోరగాండ్లు కాయలు గొట్టి మొక్కిండ్రు. సీసకు మొక్కినమని తెలిసిందనుకో, మీ మావ సంగతి తర్వాత, ముందుగాల నా ఇల్లు తగలవెడ్తరు."

ఎవరికీ చెప్పనని మాట ఇచ్చాను. సున్నం నా నీళ్ళను ఏం చేసిందో ఆమెకు తెలియదు. చెప్పలేదు.

అప్పుడే మావయ్యగారు షాపు నుంచి వచ్చారు. నన్ను చూసి సైకిలు పట్టుకునే నిలబడ్డారు.

"నీళ్ళు కలిపానా?" అన్నారు.

"లేదు మావయ్యా" అన్నాను. నేనాయనతో నేరుగా అన్న మాటల్లో అదే పెద్దదేమో. ఆయన సైకిలు గోడకు ఆనించారు. నా దగ్గర మిగిలిన సీసా ఒకటుంటే, తానే నిచ్చెన వేసి వెనక వంటింటి రేకుల మీద కట్టి ఇచ్చారు. అక్కడ సున్నం లేదు. వీధికి కనబడదు.

ఇక మిగిలింది శశిభూషణ్‌గారు. ఆయన గదిలో ఒక్కరే ఉండరు. పక్క బల్ల దగ్గర కూర్చునే రీసెర్చి స్కాలరు విద్యార్థుల కమిటీలో పెద్ద. మంచివాడే. సాయంత్రం సభలో మైకు పట్టుకునేది అతనే. నేను చెప్పింది ఆయన కాగితం మీద పెట్టాలి, ఆ కాగితం డిపార్ట్‌మెంటుకు వెళ్ళాలి. అక్కడి నుంచి లాలాగూడకు ఎంతసేపు?

ఏం చేయాలో చెప్పకు. చెప్తే చేస్తానేమోనని భయంగా ఉంది.

శ్రీలలిత

*

బాపట్ల,
20 సెప్టెంబర్.

లల్లీ,

చెప్పవద్దన్నావు కాబట్టి చెబుతున్నాను. చెప్పెయ్.

మీ మావయ్యకు బదిలీ కాగితం వచ్చింది. దసరా వెళ్ళాక బెజవాడ. ఆయన అక్కడి నుంచి కదిలాక ఆ వాకిట్లో ఉన్నది పోచమ్మ అయితేనేం, సీసా అయితేనేం? ఎవరి ఇంటి మీద రాయి పడితే మనకేం?

పై మాట రాసి, కాసేపు ఉత్తరం పక్కన పెట్టాను. సాలమ్మ చేట పట్టుకుని కూర్చోవడం కళ్ళకు కట్టింది. కొట్టేద్దామనుకున్నాను. కొట్టేయను. నేనంత మంచిదాన్ని కాదు. ఆమె నాకు పక్కిల్లు. నువ్వు నా అన్న కూతురివి. చిన్నప్పుడు పుస్తకం మొహానికి అడ్డంపెట్టుకుని మా ఇంట్లో మూలన కూర్చునేదానివి. ఎవరేమన్నా పేజీ తిప్పేదానివి. ఈసారి అలా కూర్చోకు. చదువు పోతే నీకు మళ్ళీ ఎవరిస్తారు? గుంటూరులో మీ నాన్న కుర్చీ పక్కన కూర్చుని వత్తులు చేస్తావా?

పోనీ పేర్లు చెప్పకు. గాలికి ఎక్కడి నుంచో సున్నం ఎగిరొచ్చిందని చెప్పు. నీ చదువంతా ఉపయోగించి ఒక్క అబద్ధం చెప్పలేవా?

అక్షర బోర్లాపడింది. నీకు చెప్పాలని ఉండి చెబుతున్నాను. సంతోషంగా ఏమీ లేదు.

అత్తయ్య

*

తార్నాక,
13 అక్టోబర్.

అత్తయ్యా,

నీమీద నాకు కోపం లేదు. కొట్టేయకుండా పంపినందుకు ఇంకా లేదు.

వంటింటి రేకుల మీది సీసాలో ఒక్క వాన పడింది, సెప్టెంబరు చివర్లో. పెద్ద వాన కాదు. లాబ్‌కు తీసుకువెళ్ళి కొలిచాను. పుల్లగా ఉంది, అత్తయ్యా. నేను అనుకున్న దానికన్నా పులుపు. గంధకం ఉంది, సున్నం లేదు. మీటరు ముల్లు అటు వాలితే నమ్మలేక ఇంకోసారి కొలిచాను. నా ఊహ నిజం. లాలాగూడ వాన పులుస్తుంది. అది తెలిసినవాళ్ళం ఇప్పుడు ముగ్గురం, నేనూ, శశిభూషణ్‌గారూ, నువ్వూ.

శశిభూషణ్‌గారికి చూపించాను. ఆయన కళ్ళద్దాలు తీసి మళ్ళీ పెట్టుకున్నారు. "ఇది బాగుండాదమ్మా. మరి జూన్ నుంచి పడిందంతా ఏమైనట్టు?"

పక్క బల్ల దగ్గర అతను రాసుకుంటున్నాడు.

"చెప్పలేనండీ."

"తెలీదా, చెప్పలేవా?"

"చెప్పలేనండీ."

"ఒక్క వానతో థీసిస్ కాదు. మిగతావి నల్లానీళ్ళని నేను రాసుకోవాల్సి వస్తుంది. నువ్వు కాదంటే చాలు, ఆపుతా."

గాలికి సున్నం ఎగిరొచ్చిందని అనడానికి నోరు తెరిచాను. ఏ సున్నం, ఎక్కడి నుంచి అని ఆయన అడుగుతారు. మనిషిని పంపి చూపిస్తారు. చూడకుండా నమ్మవద్దని నాకు నేర్పింది ఆయనే. నోరు మూసుకున్నాను. ఆయన చాలాసేపు ఎదురు చూశారు. మంచి మనిషి. తర్వాత కలం తీశారు. పక్క బల్ల దగ్గర అతను తలెత్తి నన్ను చూశాడు. మొహంలో ఎగతాళి లేదు. ఆంధ్రా అమ్మాయి మోసం చేసిందని నమ్మాడు, అంతే. ఇకమీదట లాబ్‌లో అందరూ అలాగే నమ్ముతారు.

నాన్నగారు శుక్రవారం వస్తున్నారు. పుస్తకాలు కట్టేశాను.

నిన్న సామాన్లు తెచ్చుకుందామని లాలాగూడ వెళ్ళాను. మావయ్యగారు పెట్టెలు సర్దుతున్నారు. సాలమ్మ వాకిట్లో తంగేడు పూలు కుప్పపోసుకుని బతుకమ్మకు కాడలు కత్తిరిస్తోంది. నేనూ కూర్చుని కత్తిరించాను. ఇంతలో మబ్బు కమ్మింది. ఈ ఏటికి ఇదే ఆఖరు అని మావయ్యగారు లోపలి నుంచి కేకేశారు. సాలమ్మ పూలు వదిలేసి నాకన్నా ముందు స్తంభం దగ్గరికి పరుగెత్తి, చీరకొంగు తలమీద వేసుకుని, రెండు చేతులతో మూత తీసింది. వాన వెలిసేదాకా పక్కనే నిలబడింది. సున్నం కడుక్కున్న నీళ్ళు గరాటు అంచు నుంచి లోపలికి దిగుతుంటే నేను చూస్తూ ఉన్నాను.

సీసా విప్పి నా చేతికిచ్చింది. వెలుతురుకు ఎత్తి చూశాను. చూడటానికి నిర్మలంగానే ఉంది.

"నీ వాన మంచిగున్నదా బిడ్డా?" అంది. "నీ చదువుల ముచ్చట నాకు తెల్వది. నేనేమన్న ఖరాబు జేసిన్నా?"

"మంచిగున్నది సాలమ్మా" అన్నాను.

ఆమె కొంగుతో మూత తుడిచి, మళ్ళీ జాగ్రత్తగా గరాటు మీద పెట్టింది.

శ్రీలలిత